వరుస కలిస్తేనే గది

మా బాపుకు గది కిరాయికి ఇవ్వడమంటే పెళ్ళి సంబంధం చూడటం కిందే లెక్క. కరీంనగర్‌లో మా ఇంటి వెనక, మా గోడకు ఆనుకుని రెండు పోర్షన్లు ఉండేవి. గది కోసం ఎవరొచ్చినా అరుగు మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఇంటిపేరుతో మొదలుపెట్టేవాడు. మీదే ఊరు, మేనమామలదే ఊరు, అక్కను ఎక్కడిచ్చారు, ఆ ఊళ్ళో ఫలానావాళ్ళు మీకేమవుతారు. అలా తవ్వుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట చుట్టరికం తగిలేది. తగలగానే బాపు ముఖం విచ్చుకునేది. "అట్లయితే నువ్వు నాకు బామ్మర్దివి గదరా" అని తాళంచెవి చేతిలో పెట్టేవాడు. ఇక అడగడాలు లేవు. ఏ వరుసా కలవకపోతే మాత్రం, గది ఖాళీగా ఉన్నా సరే, "ఇప్పుడే ఎవలకో మాటిచ్చిన" అనేవాడు.

ఇది ఎనభైల నాటి సంగతి. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. బాపు భయానికి కారణం లేకపోలేదు. మా పక్క వీధిలో ఒకాయన ముక్కూమొహం తెలియని ఇద్దరు పిల్లగాళ్ళకు గది ఇచ్చాడు. వాళ్ళు నక్సలైట్లలో కలిసి అడవిలోకి పోయారని తెలిశాక పోలీసులు ఇంటాయనను జీపులో ఎక్కించుకుపోయారు. తిరిగొచ్చాక ఆయన అరికాళ్ళు నేలకు ఆన్చలేక, మోకాళ్ళ మీద పాకుతూ దొడ్లోకి పోవడం మేం మా డాబా మీది నుంచి చూశాం. అప్పటినుంచి బాపు అడిగే ప్రశ్నలు ఇంకా పెరిగాయి.

ఎన్ని అడిగినా, ఇంట్లో ఆడదాని మీద చెయ్యి చేసుకుంటావా అని మాత్రం అడిగేవాడు కాదు. అడగడానికి ఆయనకు నోరెక్కడిది? మా అమ్మను అవ్వ అనేవాళ్ళం. అవ్వ ఎడమ కనుబొమ్మను చీలుస్తూ ఒక తెల్లటి గీత ఉండేది. చుట్టాల ముందు మాటకు మాట చెప్పిందని బాపు విసిరిన ఇత్తడి చెంబు గుర్తు అది. కంట్లోకి రక్తం కారుతుంటే అవ్వ ఒక చేత్తో కొంగు అదిమిపట్టుకుని, రెండో చేత్తో చెంబులోంచి ఒలికిన నీళ్ళు తుడిచింది. అప్పుడు నేను చిన్నదాన్ని. సొట్టపడిన ఆ చెంబు ఇంకా మా ఇంట్లో ఉంది. దాన్ని నేను ముట్టుకోను.

ఒక ఎండాకాలం ఒక పోర్షను ఖాళీ అయింది. ముందుగా శ్రీరాంపూర్ నుంచి ఒక జంట వచ్చింది. ఆయన బొగ్గుబాయిలో పనిచేస్తాడు. బిడ్డను ఇక్కడ కాలేజీలో వేస్తున్నారు. తల్లీ బిడ్డా గదిలో ఉంటారు, ఆయన సెలవుకు వచ్చిపోతాడు. బాపు మామూలుగానే తవ్వడం మొదలుపెట్టాడు. ఆమె నవ్వింది.

"మా తాత ఎక్కన్నుంచి వచ్చిండో మాకే సక్కగ తెల్వది పటేలా. మా కాలరీల అందరం గట్లనే. మీకు ఫికరుంటే మా క్వార్టర్ల పక్కింటోల్లను అడుగుండ్రి, మేమెట్లుంటమో చెప్తరు."

బాపు ఎప్పటి మాటే చెప్పాడు. ఆమె తను తాగిన గ్లాసు తనే కడిగి అరుగు మీద బోర్లించి పోయింది. నాకు ఒళ్ళు మండింది. కానీ మా ఇంట్లో ఒళ్ళు మండే హక్కు అప్పటికి ఒక్కరికే ఉండేది.

మర్నాడే ఒక గుమాస్తా వచ్చాడు. ఇస్త్రీ బట్టలు, మెత్తటి మాట. నాలుగు ఊళ్ళు దాటేసరికి వాళ్ళ మేనత్తను మా దాయాదులకు ఇచ్చినట్టు తేలింది. అల్లుడి వరుస. బాపు సంబరం అంతాఇంతా కాదు. సాయంత్రానికి అతను భార్యను, సామానును తెచ్చుకున్నాడు. బాపును మామా అనేవాడు. ఆ పిల్ల మా అవ్వను చిన్నమ్మా అనేది. ఆమెది జైనూర్ దిక్కు, నాకంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో.

మొదటి వారంలోనే గోడవతల చప్పుడు మొదలైంది. బెల్టు చప్పుడు వేరు, చేతి చప్పుడు వేరు అని అప్పుడే తెలిసింది. తల గోడకు తగిలితే మా వైపు అల్మారాలో గ్లాసులు అదిరేవి. కాసేపటికి అతను తల దువ్వుకుని బయటికొచ్చి, "మామా, చాయ్ తాగొద్దమా" అనేవాడు. బాపు కండువా వేసుకుని వెంట పోయేవాడు. ఆ పిల్ల నల్లా దగ్గరికి వస్తే ఒకనాడు పెదవి పగిలి ఉండేది, ఒకనాడు చెవి వెనక రక్తం గడ్డకట్టి ఉండేది. అవ్వ పసుపు తెచ్చి పెట్టేది.

అతనికి ఒక మాట చెప్పమని నేను బాపును అడిగాను.

"అల్లుడాయె బిడ్డా. అల్లున్ని నిలదీస్తమా? ఆలుమొగల ముచ్చట, మనం నడుమ పడొద్దు" అన్నాడు.

వరుస కలపడంలో ఉన్న ఉచ్చు నాకు అప్పుడు అర్థమైంది. కిరాయికి వచ్చినవాడైతే గది ఖాళీ చెయ్యమనొచ్చు. అల్లుణ్ణి ఖాళీ చేయించే మర్యాద మా వాళ్ళలో లేదు.

ఒకరోజు పొద్దున అవ్వ వాకిట్లో కారం దంచుతోంది. ఆ రోజు నల్లా ఆలస్యంగా వచ్చింది. అతనికి స్నానానికి నీళ్ళు కాగలేదు. అంతే కారణం. అతను బకెట్‌ను తన్ని, ఆ పిల్ల జుట్టు చేతికి చుట్టుకుని వాకిట్లోకి ఈడ్చుకొచ్చాడు. నల్లాకు తగిలించిన రబ్బరు పైపు పీకి దానితో కొట్టాడు. ముఖం మీద, మెడ మీద, అడ్డం పెట్టిన చేతుల మీద కొట్టాడు. ఆమె కింద పడి మా గడప వైపు పాకుతుంటే, నీళ్ళ హౌజు అంచు పట్టుకున్న ఆమె చేతిని చెప్పుకాలితో తొక్కాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. చిన్నమ్మా అని ఆమె అరిచిన అరుపు ఇన్నేళ్ళయినా నా చెవుల్లోంచి పోలేదు.

బాపు గడపలో నిలబడి ఉన్నాడు. "అల్లుడా, జర నిమ్మలం" అన్నాడు. అంతవరకే.

అవ్వ రోలు దగ్గర్నుంచి లేచింది. రోకలికి కారం అంటుకునే ఉంది. మొదటి దెబ్బ అతని మోకాలి కింద పడింది. కూలిపోతూ అతను, "అత్తా, ఇది మా ఇంటి ముచ్చట" అన్నాడు.

"అత్త అన్నవు గద" అంది అవ్వ. "నువ్వు అల్లునివైతే గీ పిల్ల నా బిడ్డ. నా బిడ్డ చెయ్యి ఇరగ్గొట్టినోన్ని నా ఇంట్ల ఉంచుకోను."

మళ్ళీ కొట్టింది. భుజం మీద, వీపు మీద కొట్టింది. కారం కళ్ళలో పడి అతను పొర్లుతూ కేకలు పెట్టాడు. నాకు భయం వేయలేదు, జాలి కలగలేదు. పట్టరాని సంతోషమైంది. అది చెప్పడానికి నాకిప్పటికీ సిగ్గు లేదు.

బాపు వచ్చి రోకలి పట్టుకోబోయాడు. అవ్వ ఆయన వైపు తిరిగి రోకలి పైకెత్తింది.

"రా. నాకింకో కనుబొమ్మ ఉన్నది. నీకు రెండున్నయి" అంది.

బాపు చెయ్యి కాసేపు గాల్లోనే ఉండి కిందికి దిగింది.

ఆ పిల్లను రిక్షాలో దవాఖానకు తీసుకుపోయాం. కట్టు కట్టారు. కబురందుకున్న ఆమె అన్న జైనూర్ నుంచి వచ్చి ఆమెను వెంటబెట్టుకుపోయాడు. అతని సామాను అవ్వ గేటు బయట పెట్టించింది. కుంటుకుంటూ వచ్చి తీసుకుపోయాడు.

తరవాత, అతను అంతకుముందు కిరాయికున్న ఇంటికి అవ్వ పోయింది. నన్నూ తీసుకుపోయింది. అది ఎక్కడో కాదు, మాకు రెండు గల్లీల అవతలే. నల్లా దగ్గరున్న ఆడవాళ్ళు మేం అడగకముందే చెప్పారు.

"దినాం కొట్టేటోడు. ఒకపారి కడుపుల తంతే గర్భం పోయింది. మాకన్నీ తెలుసు. మమ్ముల ఎవలడిగిండ్రు?"

అవ్వ ఇంటికొచ్చి బాపుతో, "గది నేనిస్త. నువ్వు ఇంటిపేర్లు అడుగుడు బంద్ చెయ్యి" అంది. బాపు కాదనలేదు. రోకలి అప్పటికింకా వాకిట్లోనే ఉంది.

అవ్వ పద్ధతి వేరు. ఎవరొచ్చినా ఇదివరకు ఎక్కడున్నారో చెప్పించుకుని, వాళ్ళకు చెప్పి మరీ అక్కడికి పోయేది. కులం గానీ ఊరు గానీ ఎత్తేది కాదు. ఇంట్లో ఎవరైనా దెబ్బలు తింటున్నారా, పక్కవాళ్ళను ఏడిపిస్తున్నారా, అంతే. విన్నది మనసులో పెట్టుకునేది కూడా కాదు. వచ్చినవాళ్ళ ముఖం మీదే చెప్పి, వాళ్ళ జవాబు వినేది. ఒక దర్జీ గురించి పక్కింటామె తాగుబోతని చెప్పింది. ఆ మాట అవ్వ అతనికి చెబితే, "నీళ్ళకాడ కొట్లాట అమ్మా, ఆమెకు మేమంటే పడది" అన్నాడు. అవ్వ మళ్ళీ పోయి ఇంకో ఇద్దరిని అడిగింది. అతను చెప్పిందే నిజం. గది ఇచ్చింది. వాళ్ళు మా ఇంట్లో చాలాకాలం ఉన్నారు.

రెండో పోర్షను ఖాళీ అయినప్పుడు శ్రీరాంపూర్ ఆమె మళ్ళీ వచ్చింది. బిడ్డకు హాస్టల్ తిండి పడటంలేదట. బాపు అరుగు మీద పేపరు చదువుతున్నాడు. అవ్వ ఆమెకు నీళ్ళిచ్చి, మీ క్వార్టర్ల దగ్గరికి పోయి అడిగొస్తానంది.

"మంచిది, అడుగు అక్కా" అందామె. "నేను గూడ మీ గల్లీల అడిగిన. మీ ఆయన చెయ్యి లేపుతడన్నరు. నాకు ఎదిగిన పిల్లున్నది. నిజమేనా?"

మమ్మల్ని అలా అడిగినవాళ్ళు అంతవరకు లేరు. అవ్వ ముఖం ఎర్రబడింది. బాపు పేపరు వెనక నుంచి కదల్లేదు. అవ్వ ఆయన వైపు తిరిగింది.

"నీ గురించే అడుగుతున్నది. అందరినీ ముఖం మీద అడుగుతున్న గద. నువ్వు గూడ చెప్పు."

బాపు పేపరు మడిచాడు. మళ్ళీ విప్పి మళ్ళీ మడిచాడు. ఆయన లేచి లోపలికి పోతాడనుకున్నాను.

"కొట్టిన" అన్నాడు నేల చూస్తూ. "గా రోకలి దినం సంది ముట్టలే."

ఆమె ఆయన మాట నమ్మలేదు. అవ్వను చూసింది. అవ్వ కనుబొమ్మ మీది గీతను వేలితో తడుముకుని, "అవును, ముట్టలే" అంది.

ఆమె గ్లాసు కడగడానికి లేవబోతే అవ్వ చేతిలోంచి తీసుకుంది. బాపు లోపలికి పోయి తాళంచెవి తెచ్చి ఆమెకు ఇవ్వబోయాడు. ఆమె తీసుకోలేదు. ముందు ఆ గది గోడవతల ఎవరుంటారో చూసి, వాళ్ళను అడిగొస్తానంది.