ఊరికే తిరిగే సైకిలు

నాకు ఇరవై ఆరేండ్లు ఉండే ఆ కాలాన, మా శింగనమల పక్క పల్లెల్లో మనిషి గడప దాటినాడంటే దానికొక పని ఉండల్ల. పని లేకుండా రోడ్డెక్కేది అచ్చుపోసిన ఆబోతులు, మతి చలించినోళ్లు, ఎలక్షన్లలో నిలబడేవాళ్లు, అంతే. ఎదురొచ్చిన ప్రతి మనిషీ "యాడికప్పా?" అని అడుగుతాడు. అది ఉత్త పలకరింపే అని పట్నమోళ్లు అనుకుంటారు గానీ, కాదు. జవాబు చెప్పినదాంక దారి ఇయ్యరు. ఇట్లాంటి సీమలో పుట్టి, ఏ పనికీ పోని సైకిలొకటి కొనల్లా వద్దా అని నేను పదహైదు దినాలు కిందా మీదా పడినా. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తాది. అప్పుడు మటుకు అన్నం సయించలే.

అప్పట్లో నేను అనంతపురంలో డ్రిప్పు పైపులమ్మే కంపెనీ ఆఫీసులో గుమాస్తాను, ఊర్నుంచి దినామూ మోటారు బండి మీద పోయొస్తాంటి. (నీళ్లు లేని జిల్లాలో నీళ్లు పొదుపు చేసే పైపులు అమ్మేది మా ఉద్యోగం. లేనిదాన్ని పొదుపు చేసేదెట్ల సారూ అని రైతులు అడిగితే చూపించేదానికి మాకొక రంగుల పుస్తకం ఇచ్చినారు.) ఆ ఆఫీసులో నాకన్నా పెద్దాయన ఒకాయన ఉండె. బెంగళూరులో నాలుగేండ్లు ఉండి, ఆడ రోడ్డు సైకిలు పిచ్చి తగిలించుకొని వచ్చినాడు. ఆయప్పను మేమంతా గేరన్న అంటాంటిమి. ఆదివారం పొద్దన్నే పామిడి దాకా తొక్కిపోయి పెన్న చూసొస్తాడు (పెన్నలో చూసేదానికి ఇసుక తప్ప ఏమీ లేదు, అయినా పోతాడు). అట్లాటి మనిషికి నడుం పట్టుకొని, డాక్టరు సైకిలు మానుకోమన్నాడు. గేరన్న నన్ను పిల్చి, "నా సైకిలు పదహైదు దినాలు పెట్టుకో. తొక్కి చూడు. నచ్చితే కొనుక్కో, లేదంటే వాపసు తెచ్చియ్యి. చిలమత్తూరాయన ఒకడు అడుగుతాండాడు, ఆయనకిచ్చేస్తా" అన్నాడు.

ధర నా నాలుగు నెలల జీతం. నేను కూడబెట్టుకున్న దుడ్లు అంత మాత్రమే ఉండె. నా దుడ్లే, ఎవర్నీ అడిగే పని లేదు. కానీ నాయనకు చెప్పల్ల కదా. మా నాయన మెట్ట సేద్యం మనిషి. జన్మలో ఒక్క ఉత్త పని చేసినోడు కాదని మా ఇంట్లో పేరు. సినిమాకు పోదాం రా నాయనా అంటే, "చూసినాక ఏం చేయల్ల?" అని అడిగిన మనిషి. దానికి తోడు ఆ ఏడు వానలు ఎగ్గొట్టినాయి. మా సెనిక్కాయ మొలిసిందే గానీ కాయ పట్టలే, పీకి గొడ్లకు వేసేసినాము. అట్లాటి ఏడులో పోయి "నాయనా, ఊరికే తిరిగేదానికి నాలుగు నెలల జీతం పెట్టి సైకిలు కొంటాండా" అని ఏ నోటితో చెప్పేది? అందుకే సైకిలు ఇంటికి తెచ్చిన దినం "ఆఫీసు సైకిలు నాయనా, కొన్నాళ్లు పెట్టుకోమన్నారు" అని అబద్ధం ఆడినా. నాయన దాని సుట్టూ ఒక సుట్టు తిరిగి, "ఊ" అన్నాడు. ఆ "ఊ" లో ఏముండాదో తెలీక రెండు దినాలు ఆయన కంట పడకుండా తిరిగినా.

కొనే ముందు తెలిసినోళ్లను అడగల్లని పెద్దలు చెప్తారు. మాకు తెలిసినోడు పంచరు మామ. మా ఊరి క్రాసురోడ్డు కాడ ఆయన కొట్టు, ఆయన నాయన కాలం నుంచి అదే కొట్టు. మా ఊర్లో తిరిగే సైకిలు ఏదైనా ఆ సాయిబు తండ్రీ కొడుకుల చేతి మీదుగా పోయిందే. మామ కండ్లద్దాలు తుడుచుకొని, సైకిలును ఒక్క చేత్తో పైకెత్తి, దించి, పొట్టేలు కొమ్ముల మాదిరి కిందికి తిరిగిన హ్యాండిలు పట్టుకొని శానాసేపు చూసినాడు. "స్టాండు యాడ?" అన్నాడు. లేదు మామా అంటి. "క్యారియరు?" లేదంటి. "మడ్డుగార్డు? గంట? చైను కవరు?" ఏవీ లేవు మామా అంటి. ధరెంత అన్నాడు. చెప్పినా. మామ కొట్టు మెట్టు మీద కూచ్చున్నాడు. "నేను ఇన్నేండ్లు సామాన్లు బిగించి దుడ్లు తీసుకుంటి. పీకేసి తీసుకోవచ్చని నాకెవురూ చెప్పలేదే అప్పా" అన్నాడు. ఇంగ గాలి కొట్టబోతే ఆయన పంపు ఆ సన్నని వాల్వుకు పట్టలే. అది మటుకు ఆయనకు మర్యాద తక్కువ అనిపించింది. మూడు దినాలు నాతో సరిగా మాట్లాడలే.

ఊర్లో సలహా దొరకలే కదా అని ఫోన్లో వీడియోలు పెట్టుకొని చూసినా. ప్రతివాడూ మొదట అదే మాట: మీరెందుకు తొక్కాలనుకుంటున్నారో ముందు తేల్చుకోండి. పందేలకా, దూర ప్రయాణాలకా, ఆరోగ్యానికా, సరదాకా? నేను పద్ధతైన గుమాస్తాను కాబట్టి కాగితం తీసుకొని, గీతలు కొట్టి, మొదటి గడిలో "సరదాకు" అని రాసుకున్నా. రాసినాక చూస్తే నాకే సిగ్గైంది. ఆ మాట మా ఇంటి కాగితం మీద అంతకు ముందెప్పుడూ ఎవరూ రాసినట్ల లేదు. కొట్టేసి "ఆరోగ్యానికి" అని రాసినా. ఆరోగ్యం బాగానే ఉండాది కదా అనిపించి అది కూడా కొట్టేసినా.

సరే, తొక్కందే తెలీదని తెల్లారి లేచి బయల్దేరినా. (గేరన్న సైకిలుతో పాటు ఒక బిగుతు నిక్కరు కూడా ఇచ్చిండె. దాన్ని చూసి మా అమ్మ "లోపల వేసుకునేది బయట వేసుకున్న్యావేమిరా" అంది. పైన పంచె చుట్టుకొని ఊరు దాటినా.) ఊరి కొసలో మా పెద్దమామ ఎదురొచ్చి "యాడికప్పా?" అన్నాడు. "ఊరికే మామా." "ఊరికే అంటే?" "అట్ల పోయి ఇట్ల వస్తా." "ఆడ ఏముండాది?" "ఏమీ లేదు మామా." మామ నన్ను కింది నుంచి పై దాకా చూసి, "మోటారు బండి అమ్మేస్తివా?" అని సల్లగా అడిగినాడు. నేను లేదంటే నమ్మలే. నిజం చెప్తాండా, ఆ పొద్దు నాకు మామ మాట చెవికెక్కలే. చెరువు కట్ట పక్కన ఆ సైకిలు పోయిన పోకడ ఉండాదే, నేను తొక్కుతాండానా, గాలే తోస్తాందా అని తెలీలే. ఇరవై ఆరేండ్లలో మొదటిసారి నన్ను ఎవరూ యాడికీ పంపకుండా నేను పోతాండా. దీన్ని కొనకుంటే నేను బతకలేననుకుంటి.

నాలుగు దినాలు కాకముందే మా ఇంటికి ఆడోళ్లు రావడం మొదలుపెట్టినారు. ఒకామె కాకరకాయలు తెచ్చింది. ఒకామె మెంతులు నానబెట్టి తాపమంది. ఇంకొకామె నేరేడు గింజల పొడి పొట్లం మా అమ్మ చేతిలో పెట్టి, కొంగుతో కండ్లు ఒత్తుకుంది. సంగతేమంటే, పని లేకుండా పొద్దన్నే సైకిలు తొక్కేది షుగరొచ్చినోళ్లేనంట, డాక్టరు తొక్కమంటేనే తొక్కుతారంట. "పాపం, పెండ్లి కూడా కాలే" అని మా ఇంటి ముందరే అనుకుంటాంటిరి. మా అమ్మ మొదట కొట్లాడింది. తర్వాత ఆమెకే అనుమానం వచ్చి, నా కాఫీలో చక్కెర తగ్గించేసింది.

ఇంగ లాభం లేదని, అడిగినోళ్లకు ఏదో ఒక పని చెప్పల్లని నిర్ణయం చేసుకున్నా. "తాడిపత్రి రోడ్డులో పనుండాది" అంటి. అదే నేను చేసిన తప్పు. పనుండాది అంటే పోతాండావని కదా. పోతాండావంటే ఏదైనా ఇచ్చి పంపొచ్చు కదా. మొదటి దినం ఒక మాత్రల పొట్లం. రెండో దినం ఆధారు కార్డు జిరాక్సు, నాలుగు పెండ్లి పత్రికలు. మూడో దినం ఒకాయన కోడిపుంజును తెచ్చి, క్యారియరు లేదని తెల్సుకొని, చంకలో పెట్టుకోని తొక్కలేవా అన్నాడు. పనుందని చెప్పినా కాబట్టి కాదనలేను. లేదంటే ఊరికే అని చెప్పల్ల, మల్ల కాకరకాయలొస్తాయి. నాలుగు నెలల జీతం పెట్టి ఊరి సామాన్లు మోసే బండి కొనుక్కుంటాండానా అని నాకు నేనే అడుగుతాంటి. చిలమత్తూరాయన రెండుసార్లు ఫోను చేసినాడని గేరన్న గుర్తుచేస్తాండె.

పద్నాలుగో దినం ఏదో బందు. బస్సుల్లేవు, లారీల్లేవు, మా ఆఫీసు కూడా మూసినారు. తెల్లారితే గేరన్నకు మాట చెప్పల్ల. ఆఖరుసారి తొక్కి తేల్చుకుందామని, ఎవరూ లేవకముందే తాడిపత్రి రోడ్డెక్కినా. ఆ ఏడు వానకాలం చివర్లో పడిన రెండు చినుకులకు కొందరు ఉలవ చల్లుకోనుండిరి. మా పక్క ఉలవ పంట కోసినాక కళ్లం ఎవరూ చేయరు, రోడ్డు మీద పరుస్తారు. పోయే బండ్లు తొక్కితే గింజ రాలుతాది. ఒక మలుపు తిరిగేసరికి మోకాలెత్తున ఉలవకట్టె. సన్నని టైర్లు దాంట్లో నిలుస్తాయా? సైకిలు ఒక పక్క, నేను ఒక పక్క. దెబ్బ తగల్లే, మెత్తగానే పడినా. గట్టున ఒక అవ్వ కట్టె పట్టుకొని కూచ్చోనుంది. లేపుతాదేమోనని చూసినా. "పడితే పడితివి గానీ, ఆ పక్కన పడింటే బాగుండు. ఆడ ఇంగా నలగలే" అంది.

నేను దుమ్ము దులుపుకుంటాంటే అడగనే అడిగింది, యాడికి నాయనా అని. పద్నాలుగు దినాల్లో అబద్ధాలన్నీ అయిపోయినాయి. "యాడికీ లేదవ్వా, ఊరికే తిరుగుతాండా" అంటి. అవ్వ మొగం విప్పారింది. ఆ మాటకు సంతోషపడిన మనిషి ఆమె ఒక్కతే. "అయితే ఇంగేమి. తిరిగేది ఈడే తిరుగు. పొద్దన్నుంచి ఒక్క బండి రాలే" అంది. కాదనేదానికి నా దగ్గర కారణం లేదు. ఆ కొస నుంచి ఈ కొసకు, ఈ కొస నుంచి ఆ కొసకు, గేరు మార్చి మార్చి తొక్కినా. ముప్పై సార్లు తిరిగినాక అవ్వ వంగి చూసి, "ఇంత సన్న టైర్లకు ఏం రాలుతాయి? రొంత లావు బండి కొనుక్కోగూడదా" అంది. వీడియోల్లో ఎవరూ ఈ సంగతి చెప్పలే.

అప్పుడే మోపెడ్డు సప్పుడైంది. నాయన. చేనికాడికి పోతా, నన్ను చూసి ఆపినాడు.

"ఏం చేస్తాండావురా?"

"ఉలవలు తొక్కుతాండా నాయనా."

"మనవి కావే."

నేను ఏమీ అనకముందే అవ్వ అందుకుంది. "నీ కొడుకా? యాడికీ పోయే పని లేదంట. ఊరికే తిరుగుతాండాడంట. నేనే తిరగమంటి."

ఇంగ దాపరికం ఏముండాది? "నాయనా, ఇది ఆఫీసు సైకిలు కాదు" అంటి. "తెల్సు. స్టాండు లేని సైకిలు ఆఫీసోళ్లు కొంటారా" అన్నాడు. ధర చెప్పినా. తగ్గించకుండానే చెప్పినా. నాయన మోపెడ్డు ఆఫు చేసినాడు.

"కొని ఏం చేస్తావు?"

"తొక్కుతా."

"తొక్కి?"

"ఏమీ లేదు నాయనా. పొద్దన్నే రొంతసేపు అట్ల పోయొస్తే మనసుకు బాగుండాది."

తిట్టు పడతాదని తల వంచుకున్నా. పడింటే బాగుండు, తిట్టినాడు కాబట్టి కొనలేదని చెప్పుకోని వాపసు ఇచ్చేద్దును. నాయన తిట్టలే. "నేను దినామూ పొద్దన్నే యాడికి పోతాండా?" అన్నాడు.

"చేనికాడికి."

"చేన్లో ఏముండాది ఇప్పుడు?"

ఆలోచన చేసినా. సెనిక్కాయ పీకి రెండు నెలలైంది. దున్నేదానికి నేలలో పదును లేదు. కావలి కాసేదానికి గడ్డిపోచ లేదు. "ఏమీ లేదు నాయనా" అంటి.

"మల్ల ఎందుకు పోతాండా? గట్టు మీద కూచ్చుంటా. గాలి తగుల్తాది. ఒక బీడీ తాగుతా, వస్తా. వాన లేని ఏడు పూరా ఇదే పని." ఒక ఉలవకట్టె తీసి చేత్తో నలుపుతా అన్నాడు, "ఎవురన్నా అడిగితే చేనికాడికి అంటా. మారు మాట అనరు. నువ్వు సదువుకున్నోడివి, ఊరికే పోతాండా, ఊరికే పోతాండా అని ఊరంతా సాటింపు వేస్తివి. నీకు షుగరు రాక ఇంగేమొస్తాది?"

మోపెడ్డు తొక్కి పోయినాడు. నాకు కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. ఉలవ దుమ్ము అని చెప్పొచ్చు గానీ, చెప్పను. పనిరాక్షసుడని ఇన్నేండ్లు నేను భయపడిన మనిషి, దినామూ నా కండ్ల ముందరే సరదాకు పోయొస్తాండె. "ఆయన పోయినాడు గానీ నువ్వేమి నిలబడితివి, ఆ కొస మిగిలింది" అని అవ్వ గదిరించింది. ఆ కొస కూడా తొక్కినా. మరుసటి దినం గేరన్నకు దుడ్లిచ్చేసినా. చిలమత్తూరాయనకు కోపం వచ్చిందంట.

పన్నెండేండ్లయింది. సైకిలు అట్లే సన్నగా ఉండాది, నేనే దానికి మించి లావెక్కినా. ఇప్పుడు ఆఫీసు కుర్రోళ్లు సైకిళ్ల గురించి నన్నడుగుతాంటే, గీతలు కొట్టిన ఆ కాగితం, దాని ముందర తలకాయ పట్టుకొని కూచ్చున్న ఆ పిల్లోడు గుర్తుకొస్తారు. వాని మీద జాలే గానీ, వానికుండిన ఆరాటం ఇప్పుడు నాకు దొరికేది కాదు. మొన్నొక ఆదివారం కాళ్లు రొంత సహకరించినాయి కాబట్టి, నిజంగానే మా చేనికాడికి తొక్కిపోయినా. చేను బీడే. నాయన గట్టు మీద ఉన్నాడు. నన్ను చూసి ఏమీ అడగలే, రొంత పక్కకు జరిగినాడు. నేను ఆయాసం తీరినదాంక కూచ్చున్నా. తీరినాక కూడా కూచ్చున్నా. పొద్దు బాగా ఎక్కి, ఇద్దరం ఇంటికొస్తే అమ్మ వాకిట్లోనే పట్టుకుంది. "తండ్రీ కొడుకులు ఇంతసేపు ఆడ ఏం చేస్తాంటిరి?"

"పనుండె" అని ఇద్దరమూ ఒక్కసారే అన్నాము.