నేను ప్రతిపక్షంగా ఉన్న రోజులు

తార్నాక మలుపులో ఈమధ్య ఒకాయన బండి పెట్టి ఉగ్గాని అమ్ముతున్నాడు. నానిన బొరుగులకు తిరగమోత తగిలిన వాసన, పక్కనే బజ్జీల వాసన కలిసి వస్తే నా కాళ్లు ఆగిపోతాయి. ఆకలితో కాదు. ఆ వాసన వచ్చే ఇంట్లోనే నేను కొన్నాళ్లు ప్రతిపక్షంగా పనిచేశాను.

అరవైల చివరి మాట. నేను ఏడో తరగతితో బడి మానేశాను. బడే నన్ను మానేసిందని మా అన్న అనేవాడు. ఇంట్లో కూర్చుని జాకెట్లు కుట్టేదాన్ని. చేతికన్నా నోటికే పని ఎక్కువ. ఎవరినైనా ఒక మాటతో గిల్లి, వాళ్లు తేరుకునేలోగా నవ్వుకుంటూ జారుకోవడం నా పద్ధతి. అప్పుడే మా పక్క వాటాలోకి కడప నుంచి ఒక కుటుంబం దిగింది. తండ్రిది సర్కారు ఉద్యోగం. కూతురు శారదక్క యూనివర్సిటీలో బీఏ ఆఖరి సంవత్సరం, రాజనీతిశాస్త్రం చదువుతోంది. మొదటిరోజే గోడ మీదుగా పలకరించాను.

"రాజులే లేకపాయె, గీ రాజనీతి ఎవరికక్కా?"

"నీలాంటి రాణులు ఉండారు గదే, వాళ్ల కోసరం" అంది, తలెత్తకుండానే.

అంత చురుకైన మనిషికి నలుగురి ముందు నోరు పెగలదు. ఒక సెమినారులో ఆమె ఇంగ్లీషులో కూడా కడప యాస వినిపిస్తోందని మగపిల్లలు నవ్వితే, సగంలోనే కూర్చుండిపోయిందట. మళ్లీ వంతు వచ్చింది. విషయం, ప్రజాస్వామ్యంలో ప్రతిపక్షం. ఈసారీ కూర్చుండిపోతే ఎమ్మే మాట ఎత్తకూడదని తనకు తానే తీర్మానించుకుంది.

"రోజూ సాయంత్రం వచ్చి నన్ను ఎగతాళి చెయ్యాల నువ్వు" అని నన్ను అడిగింది.

"గదెంత పని? పుట్టినప్పటి సంది అదే చేస్తున్న."

"అడిగేసి పారిపోతావు చూడు, అది కుదరదు. ప్రతిపక్షమంటే జవాబు వినేదాకా కూర్చునేది."

వాళ్లమ్మ పెట్టే ఉగ్గానే నా జీతం. శారదక్క తెలుగులో చెప్పేది, నేను అడ్డం తగిలేదాన్ని. "ఓడినోళ్లకు గింత మర్యాద దేనికి? పందెంల ఓడిన కోడిని కూర వండుకుంటరు గద" అన్నానొకసారి. ఆమె పుస్తకం పేజీలు తిరగేయసాగింది. నేను గెలిచానని లేవబోతే "యాడికి పోతావే? విని పో" అని కొంగు పట్టి కూర్చోబెట్టింది. జవాబు మర్నాడు పొద్దున గోడ మీదుగా వచ్చింది: "ఓడిన కోళ్లన్నిటినీ వండేస్తే, రేపు పందెం ఎవరితోనే?"

సెమినారుకు బయటివాళ్లూ రావచ్చంటే నన్నూ తీసుకెళ్లింది. ఆఖరి బెంచీలో కూర్చున్నాను. ఇంగ్లీషు నాకు అందలేదు కానీ ఆమె గొంతు తడబడటం అందింది. ఇంతలో ఒక పొడుగాటి అబ్బాయి లేచి, "ఓడిపోయినోళ్ల ముచ్చట మేమెందుకు వినాలె మేడమ్?" అని తెలుగులోనే అడిగి, దోస్తులకు కన్నుగీటి తలుపు వైపు నడిచాడు.

శారదక్క ఇంగ్లీషు మరిచిపోయింది. "యాడికి పోతావే? అడిగినావు గదా, విని పోవే" అంది.

గదంతా ఒక్కసారి గొల్లుమంది. పొడుగాటి మగపిల్లాణ్ణి పట్టుకుని 'పోవే' అనేసిందని ఆమెకు అప్పుడు తెలిసింది. ఇక కూర్చుండిపోతుందనుకున్నాను. కూర్చోలేదు. తనూ నవ్వింది. నవ్వులు ఆగేదాకా, ఆ అబ్బాయి వెనక్కి వచ్చి కూర్చునేదాకా నిలబడి, కోళ్ల జవాబుతో మొదలుపెట్టింది. ఆ తర్వాత ఆమెను ఆపినవాళ్లు లేరు. చివర్లో లెక్చరర్‌గారు "ఎమ్మేలో ఎప్పుడు చేరుతున్నావమ్మా?" అన్నారు. ఏడో తరగతి మనిషిని, ఆ బెంచీ మీద నా అంత గర్వంగా ఎవరూ కూర్చుని ఉండరు.

తిరిగి నడుస్తుంటే, "ఆ పిల్లోడిని 'పోవే' అన్నాను గదే" అని తల పట్టుకుంది.

"మంచిగైంది. ప్రతిపక్షమంటే ఆడమనిషేనని తెలిసొచ్చింది వానికి" అన్నాను. నాలుగడుగులు వేశాక నా నోట వేరే మాట వచ్చింది. "అక్కా, ఓటేసినంక మళ్ల మనల్ని ఎవరైనా అడుగుతరా?"

అందులో వెటకారం లేదు. నాకే కొత్తగా అనిపించింది. శారదక్క రోడ్డు పక్కన ఆగింది. "తెలీదే. చదివి చెప్తా" అంది. మర్నాడు ఒక లావు పుస్తకం పట్టుకొచ్చి, నా కుట్టుమిషను పక్కన కింద కూర్చుని, పొద్దు వాలేదాకా చెప్పింది. ఒక లెక్చరర్‌కు చెప్పినట్టు చెప్పింది.

ఆమె ఎమ్మే చేసి, కాలేజీలో పాఠాలు చెప్పి, రిటైరైంది. నేను జాకెట్లు కుడుతూనే ఉన్నాను, జోకులు మానలేదు. వార్డు ఆఫీసులో మొన్న మా గల్లీ నీళ్ల గురించి అడిగితే "రేపు రామ్మా" అన్నారు. పైపులో నీళ్లకు కూడా రిటైర్‌మెంట్ ఇచ్చారా అని అడిగాను. అందరూ నవ్వారు. ఒకప్పుడైతే ఆ నవ్వు చాలని ఇంటికి వచ్చేసేదాన్ని. మొన్న మాత్రం కుర్చీ లాక్కుని కూర్చున్నాను.