వంకర చేప

రైవస్ కాలువ గోడకి బొమ్మలు వేస్తే అక్కడ చెత్త పోయడం ఆగుతుందని మా కుర్రకారును పోగేసింది మా వీధిలో అద్దెకుండే ఓ అమ్మాయి. తనకేమో గీత తిన్నగా గీయడం రాదు. దారినపోయే వాళ్ల చేతిలో కుంచె పెట్టి, "మీరే వేయండి, ఏం కాదండీ" అనేది. అందరికీ ఆమే ముద్దు. నాకు ఒళ్లు మండేది. ఎండలో నిలబడి, ఈక ఈకా దిద్ది కొంగను వేసింది నేను! దాని పక్కనే అరటిపళ్ల బండాయన చేత వంకర చేపను వేయించింది ఆమె.

ఆమె ఇప్పుడు ఈ ఊళ్లో లేదు. మొన్న అటు వెళ్లాను. నా కొంగ కాళ్ల దగ్గర చెత్తగుట్ట. చేప దగ్గర ఎవరో కవరు పడేయబోతే బండాయన కేకేశాడు: "ఓయ్, అది నేనేసిన చేపయ్యా!"

"మరి ఈ కొంగ?" అన్నాను, ఉండబట్టలేక.

"అదెవరు వేశారోనండీ."