బండి కాగితంలో రెండో పేరు

మా మేనత్త కిందటి నెల ఒక మంగళవారం పొద్దున చనిపోయింది. ఆ సమయానికి నేను హాస్పిటల్ పార్కింగ్‌లోనే ఉన్నాను. ఖాళీ దొరక్క మూడోసారి చుట్టూ తిరుగుతుంటే ఫోన్ మోగింది. బండి పక్కకి ఆపి తీశాను. నర్సు నా పేరు అడిగి నిర్ధారించుకుని, తొందరేం లేదు, నెమ్మదిగా రండి అంది. తొందరేం లేదన్న మాటతోనే నాకు అర్థమైపోయింది.

ఆవిడ గురించి రాద్దామని కూర్చుంటే దుఃఖం కంటే ముందు కోపం వస్తోంది. ఆవిడ మీద కాదు. కొంచెం ఆవిడ మీద కూడా.

నేను టొరంటోకి చదువుకోడానికి వచ్చిన ఏడాది, ఏ విమానం దిగినా మా బోటి పిల్లలే. ఒక బేస్‌మెంట్‌లో ఆరుగురం అమ్మాయిలం, ఒకటే బాత్‌రూమ్. అత్త ఒకరోజు చూడటానికి వచ్చి, గుమ్మంలో నిలబడి, "సూట్‌కేస్ సర్దుకో" అని మాత్రం అంది. ఆ సాయంత్రానికల్లా నేను ఊరి పడమర వైపు ఎటోబికోలో ఆవిడ రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో ఉన్నాను. మావయ్య పోయి చాలా ఏళ్ళయింది. పిల్లల్లేరు. ఎయిర్‌పోర్టు దగ్గర విమానాలకి భోజనాలు ప్యాక్ చేసే చోట ఇరవై ఏళ్ళు పనిచేసి, కిడ్నీలు పాడయ్యాక మానేసింది. వారానికి మూడుసార్లు డయాలసిస్. తనే కారు నడుపుకుంటూ వెళ్ళి వచ్చేది.

నేను వెళ్ళిన కొన్నాళ్ళకే ఆవిడ చూపు బాగా తగ్గింది. ఇక డ్రైవ్ చెయ్యకూడదని డాక్టర్ చెప్పేశాడు. ఆ రోజు ఇంటికి వచ్చి కారు తాళం స్టీలు డబ్బాలో పెట్టి, మూత గట్టిగా బిగించింది. ఏడవలేదు. పప్పులో ఉప్పు మాత్రం రెండుసార్లు వేసింది.

అప్పటికే నేను రోడ్డు టెస్టు పాసయ్యాను. లైసెన్సు చేతిలో ఉంది, కారు కింద ఆరుబయట పార్కింగ్‌లో ఉంది. ఇక్కడ ఇంట్లో బండి నడిపేవాళ్ళందరి పేర్లూ ఇన్సూరెన్స్‌లో ఉండాలి, నా పేరు డ్రైవర్‌గా చేరిస్తే చాలు. ఒక్క ఫోన్ కాల్ పని అనుకున్నాను.

ఆ ఒక్క పేరు చేర్చడానికి మూడు నెలలు పట్టింది.

ఇండియాలో నాలుగేళ్ళు నడిపానంటే నమ్మం, ఉత్తరం తెప్పించమన్నారు. నాన్న ఏలూరులో ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరిగి తెప్పించాడు. అందులో నా ఇంటిపేరు ఒకే ఒక్క అక్షరం. పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. ఇద్దరూ ఒకరేనని రుజువేమిటి అన్నారు. మన వైపు ఇంటిపేరు అలాగే రాస్తారని చెబితే, ఫోన్‌లో ఆ అబ్బాయి చాలా మర్యాదగా, తను అర్థం చేసుకోగలడు గానీ సిస్టమ్ ఒప్పుకోదు అన్నాడు. నాన్న మళ్ళీ వెళ్ళాడు. రెండో ఉత్తరంలో పుట్టిన తేదీ తప్పు పడింది. మూడోది వచ్చేసరికి, నడపని మనిషి పేరు మీద కారెందుకుంది అని కొత్త ప్రశ్న వేశారు. ప్రతిసారీ కొత్త మనిషి. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పాలి. ఆ హోల్డ్ మ్యూజిక్ నాకిప్పటికీ కలలో వినిపిస్తుంది.

ఈలోగా చలికాలం ముదిరింది. అత్త రెండు బస్సులు మారి డయాలసిస్‌కి వెళ్ళేది. కాలేజీ లేని రోజు నేనూ వెళ్ళేదాన్ని. బస్సులో నా వయసు పిల్లలే కిక్కిరిసి ఉండేవాళ్ళు. ఎవరో ఒకరు లేచి సీటిచ్చేవాళ్ళు. ఆవిడ వాళ్ళని ఏ ఊరు, ఏం చదువు అని అడిగి, దిగేలోపు ఇద్దరికైనా అన్నం తినమని చెప్పేది.

నాకు ఒళ్ళు మండిపోయేది. నాతో చదివేవాళ్ళు సగం మంది ఎవరెవరివో కార్లు నడిపేస్తున్నారు. ఒక స్నేహితురాలు సలహా కూడా చెప్పింది. ఒకే ఇంట్లో ఉంటేనే కంపెనీకి చెప్పి తీరాలి, నువ్వు బేస్‌మెంట్‌లోనే ఉంటున్నావని రాయించి, ఎప్పుడో ఒకసారి నడుపుతావని చెప్పించు, ఈ గొడవంతా ఉండదు అంది. నాకు సబబుగానే తోచింది. అత్తకి చెప్పాను.

ఆవిడ చిక్కుడుకాయలు వలుస్తోంది. చేతులు ఆగిపోయాయి.

"మా ఇంట్లో ఉన్న పిల్లని లేదని చెప్పనా?"

"కాగితం మీదే కదత్తా."

"కాగితం మీదే. రేపు నీకేదన్నా అయితే వాళ్ళు చూసేది కాగితమే. అందులో నువ్వు లేకపోతే, నువ్వు నాకేమీ కావన్నమాటే."

అంతే, మళ్ళీ ఆ సంగతి ఎత్తనివ్వలేదు. పైగా తాళం ఉన్న డబ్బా తన గదిలోకి మార్చింది. నా మీద నమ్మకం లేదని రెండు రోజులు నా అన్నం నేనే వేరే వండుకున్నాను.

ఆ తర్వాతి వారం బస్‌స్టాప్ దగ్గర మంచు మీద జారి ఆవిడ ఎడమ మణికట్టు విరగ్గొట్టుకుంది. ఎమర్జెన్సీలో ఏడు గంటలు కూర్చున్నాం. ఆ ఏడు గంటలూ నేను సాధిస్తూనే ఉన్నాను. కారు ఇంటి ముందు పెట్టుకుని ఎముక విరగ్గొట్టుకునేది లోకంలో నువ్వొక్కదానివే అన్నాను. ఇంకా చాలా అన్నాను, ఇక్కడ రాయలేను. ఆవిడ అన్నీ విని, చివరికి, "కుడి చెయ్యి బాగానే ఉందిలే, సంతకం పెట్టగలను" అంది. నాకు నవ్వు రాలేదు. ఇప్పుడు కూడా పూర్తిగా రావడం లేదు.

కట్టు విప్పకముందే ఇన్సూరెన్స్ కాగితం వచ్చింది. ఆవిడ పేరు కింద నా పేరు, ఇంటిపేరు పూర్తిగా, ఒక్క అక్షరం తప్పు లేకుండా. అత్త కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివి, నా పేరు పైకి చదివింది. తర్వాత గదిలోకి వెళ్ళి డబ్బా తెచ్చి ఇచ్చింది. మూత నేనే తియ్యాల్సి వచ్చింది, ఆవిడకి ఒక్క చెయ్యే కదా.

ఎనిమిది నెలలు తిప్పాను. పక్క సీట్లో కూర్చుని ఆవిడ కనపడని రోడ్డంతా నాకు చెప్పేది. ఇక్కడ లెఫ్ట్ తిరిగేటప్పుడు ఎదుటివాడు ఆగుతాడనుకోకు, ఆగాక కదులు అనేది. హారన్ కొట్టేవాడికి మనకన్నా కష్టమేదో ఉండి ఉంటుంది, పోనీ అనేది. ఇరవై ఏళ్ళు తిరిగిన దారి కాబట్టి గుంతలు కూడా గుర్తే. నాకు చిరాకేసి, కళ్ళు నాకున్నాయత్తా అంటే, అందుకే నువ్వు నడుపుతున్నావు అనేది.

కర్మకాండ అయ్యాక ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోన్ చేశాను. పాలసీ ఎవరి పేరు మీద ఉందో వాళ్ళతోనే మాట్లాడతాం అన్నారు. ఆవిడ చనిపోయింది అన్నాను. క్షమించండి, అయితే ఆవిడ అనుమతి కావాలి అన్నారు. మరో ఇద్దరు మారాక ఒకామె కొంచెం నిదానంగా విని, చనిపోయినావిడ మీకేమవుతారు అని అడిగింది. మేనత్త అని, అంటే మా నాన్న చెల్లెలని చెప్పాను. ఆమె తన ముందున్న జాబితాలో వెతికినట్టుంది. భార్య, కూతురు, తల్లి, అక్కచెల్లెళ్ళు ఉన్నారట, ఇది లేదట. "ఇతరులు" అని పెడతానంది.

మూడు నెలలు పోరాడి, చెయ్యి విరగ్గొట్టుకుని ఆవిడ నన్ను చేర్పించిన చోట నేనిప్పుడు ఇతరుల్లో ఉన్నాను. వాదించే ఓపిక లేక సరే అన్నాను. ఫోన్ పెట్టేశాక, ఆవిడైతే సరే అనేది కాదని తోచింది. మళ్ళీ చేశాను. నలభై నిమిషాల తర్వాత తగిలినతనితో, పక్కన ఖాళీ ఉంటే మేనకోడలు అని రాయమన్నాను. రాశానన్నాడు. నిజంగా రాశాడో లేదో నాకు తెలియదు.

వీలునామా కాగితాలు తేలేదాకా కారు కదపొద్దని లాయరు చెప్పారు. నేను బస్సులో తిరుగుతున్నాను. నిన్న పొద్దున కారులో నా పుస్తకాలేవో ఉండిపోతే తీసుకోడానికి వెళ్ళాను. డయాలసిస్ అయ్యాక తిరిగొచ్చేటప్పుడు అత్త తల అద్దానికి ఆనించి నిద్రపోయేది. ఎండ ఏటవాలుగా పడి, పక్క సీటు అద్దం మీద అరచేయంత కొబ్బరినూనె మరక వెలుగుతోంది. దాని చుట్టూ అద్దమంతా మంచు పట్టి తెల్లగా ఉంది. ఆ కాస్త మేర మాత్రం అవతలి రోడ్డు కనిపిస్తోంది.