జ్వరంలో వచ్చిన మాట

తణుకులో మా పక్కింటావిడ కూతురికి ఆటిజం. బడికెళ్లే వయసొచ్చినా మాటలు రాలేదు. ఎవరి కళ్లలోకీ చూసేది కాదు. దానికి తోడు ఒంటినిండా ఎగ్జిమా, తరచూ కడుపునొప్పి. నొప్పెక్కడో పిల్ల చెప్పలేదు కాబట్టి, ఆవిడే ఒళ్లంతా మెల్లగా తడిమి కనిపెట్టేవారు.

ఒకసారి ఆ పిల్లకి జ్వరమని తెలిసి చూడటానికి వెళ్లాను. పిల్ల తల్లి ముఖంలోకి నిదానంగా చూసి, "అమ్మా, నీళ్లు" అంది. "మాటలొచ్చాయే!" అన్నాను.

ఆవిడ నీళ్లు తాగించి, "జ్వరమొస్తేనే ఇలా మాట్లాడుతుందండి. ఇలాంటి పిల్లల్లో కొంతమందికి ఇలా అవుతుందంట. ఎందుకో ఇంకా సరిగ్గా తెలీదన్నారు డాక్టరుగారు" అన్నారు.

"మరి జ్వరం తగ్గితే?"

"మాట కూడా పోతుందండి."

అలా అంటూనే జ్వరం మందు మూతలో పోసి కూతురి నోటికి అందించారు. ఇంకొక్క మాట విందామని కూడా ఆగలేదు.