ఆ పిల్ల మాట నేను మార్చి చెప్పాను

శ్రావణ మాసం, రెండో ఆదివారం. క్లినిక్‌కు సెలవు. హాజరైనవారు: డాక్టరమ్మ, నర్సు, కౌంటరు దగ్గర కూర్చునే అమ్మాయి, శిక్షణ ఇవ్వడానికి ఠాణే పట్నం నుంచి వచ్చిన మేడమ్, నేను.

డైరీలో ఇలా రాసుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు. వాన ఎప్పుడు కురిసిందీ, కరెంటు ఎప్పుడు పోయిందీ, అన్నీ రాస్తాను. ఒక్క సంగతి మాత్రం ఎన్నేళ్లయినా రాయలేదు. దాన్ని లోపల పెట్టుకునే ఇంతకాలం తిన్నాను, నవ్వాను, నిద్రపోయాను. బరువు లేదని కాదు. మోసి మోసి అలవాటైంది. మీకు చెబుతున్నాను.

భివండిలో ఈ పళ్ల దవాఖానాలో కాంపౌండరుగా పనిచేసి రిటైరయ్యాను. అప్పటి పెద్ద డాక్టరు మరాఠీ ఆయన. ఇప్పుడు ఆయన కూతురు, ఈ డాక్టరమ్మ, నడుపుతోంది. సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, పనికి మన జిల్లాల నుంచి కొత్తగా వచ్చినవాళ్లకు హిందీ రాదు. వాళ్ల మాట డాక్టరుకూ, డాక్టరు మాట వాళ్లకూ చేర్చేది నేనే. అందుకే ఇప్పటికీ పొద్దున పూట పిలుస్తారు. సంతోషంగా వెళ్తాను. ఇంట్లో చాయ్ తాగి ఆటో ఎక్కితే నాగావ్ దాటేదాకా సాంచల చప్పుడు తోడొస్తుంది. నాకు ఏ లోటూ లేదు. ఇంత తప్పు చేసినవాడికి ఇంత నెమ్మది ఎలా దొరికింది?

శిక్షణ పిల్లల రక్షణ గురించి. పిల్లల్ని కొడితే ఆ గుర్తులు పళ్ల డాక్టరు కుర్చీలోనే ముందు బయటపడొచ్చని మేడమ్ చెప్పింది. ఇంట్లోవాళ్లను బయట కూర్చోబెట్టి పిల్లనే అడగాలి, పిల్ల చెప్పింది చెప్పినట్టే డాక్టరుకు చేరాలి, ఆ తర్వాత ఎవరికి ఫోను చేయాలో ముందే తెలిసి ఉండాలి అంది. కొందరు పిల్లలు ఒక్కసారే చెబుతారట. మనం వినకపోతే మళ్లీ చెప్పరట. అక్కడ నా పెన్ను ఆగింది.

నేను కొలువులో ఉన్న రోజుల్లో వచ్చిన ఆ పిల్లకు అప్పుడు తొమ్మిదేళ్లుంటాయి. తల్లి లేదు. ఊరి నుంచి బాబాయి ఇంటికి వచ్చి నెల కూడా కాలేదు. ముందు పన్ను విరిగింది. నీళ్లు పారే మోరీ దగ్గర జారిపడిందని బాబాయి చెప్పి, తంబాకు వేసుకోవడానికి బయటికి వెళ్లాడు. ఎలా తగిలిందో పిల్లనే అడగమన్నాడు పెద్ద డాక్టరు. అడిగాను.

“బాబాయి గోడకేసి కొట్టిండు తాతా. రోజు కొడ్తడు. సార్‌కు చెప్పవా?”

“చెప్త బిడ్డా.”

డాక్టరు వైపు తిరిగి, నీళ్ల దగ్గర జారిందట సాబ్, అని హిందీలో చెప్పాను.

పిల్లకు హిందీ రాదు. నేను చెప్పేశాననే అనుకుంది. డాక్టరు తల నిమిరి, చూసి నడవమన్నాడు.

“ఏమన్నడు తాతా?”

“ఇగ భయం లేదన్నడు.”

విరిగిన పంటితోనే నవ్వింది.

ఎందుకలా చేశాను? ఆ బాబాయి మా పక్క ఊరివాడు. మా బావమరిదితో ఒకే కార్ఖానాలో పని. మనోళ్ల ఇంటి సంగతి పరాయివాళ్ల ముందు ఎందుకు, మన సంఘంలో పెద్దమనిషికి చెబితే ఆయనే పిలిచి మందలిస్తాడు అనుకున్నాను. మా తగువులన్నీ అలాగే తీరేవి మరి. ఆదివారం వెళ్లాను కూడా. పెద్దమనిషి పక్కన ఆ బాబాయే కూర్చుని చాయ్ తాగుతున్నాడు. నాకూ ఒక కప్పు ఇచ్చారు. తాగి వచ్చేశాను.

మళ్లీ పన్ను చూపించుకోవడానికి వాళ్లు రాలేదు. గది మారారని విన్నాను. ఎక్కడికని అడగలేదు. మనోళ్ల పరువు కోసం అని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. పరువు కోసమేనా? ఆ బాబాయితో, బావమరిదితో, పెద్దమనిషితో నాకు చెడకూడదని. అంతే.

మేడమ్ వెళ్లాక డాక్టరమ్మకు అంతా చెప్పాను. ఇక నన్ను పిలవదేమో అన్న భయం ఉంది. ఈ వయసులో నన్ను నలుగురు కావాలనుకునే చోటు అదొక్కటే. అయినా చెప్పాను. నాన్నకు తెలుసా అని అడిగింది. తెలియదు, ఆయన్నీ మోసం చేశాను అన్నాను. పోనీలే అని ఆమె అనలేదు. అనాల్సింది ఆమె కాదు కూడా. పిల్ల పేరు అడిగింది. వెంటనే చెప్పాను, ఎన్నడూ మరిచింది లేదు. ఎవరు నొచ్చుకున్నా సరే, ఆచూకీ కనుక్కోండి కాకా అంది. తాళం వేస్తూ, రేపు పొద్దున రండి అంది.

సాయంత్రం బావమరిదిని అడిగాను. తెలియదన్నాడు, గిప్పుడెందుకు బావా అని విసుక్కున్నాడు. ఇంకొకరిని అడుగుతాను. చెప్పుకుంటే తీరిపోయే తప్పు కాదిది. కానీ లోపల గాలి ఆడుతోంది.

మర్నాడు పొద్దున ఒక చిన్నపిల్ల వచ్చింది, బుగ్గ వాచి. తల్లిని బయట కూర్చోమన్నారు. డాక్టరమ్మ పన్ను గీకే మిషన్ చూపించి, భయమేస్తోందా అని అడగమంది.

“మిషన్‌కు భయం లేదు తాతా, మా ఇంటికాడ సాంచలు ఇంతకంటె లొల్లి జేస్తయి. గామె మూతికి గుడ్డ గట్టుకున్నది గదా, దొంగ లెక్క కనవడ్తున్నది. చెప్పు.”

ఒక్క మాట తగ్గించకుండా హిందీలో చెప్పాను, దొంగతో సహా. డాక్టరమ్మ నవ్వి మాస్కు కిందికి దించింది. పిల్ల ఆమె ముఖం చూసి, నా వైపు తిరిగింది.

“అంత చెప్పినవా?”

“చెప్పిన బిడ్డా. నువ్వన్నది అన్నట్టే చెప్పిన.”