మెల్లగా దించు నాయనా

"గురువారం రావద్దు నాయనా. ఇంక రావద్దు. మేడం పోయింది."

ఫోన్‌ల గొంతు మేడం భర్తది. ఆమె ఫోన్‌ల ఉన్న పేషెంట్లందరికీ వరుసగ చేసి చెప్తున్నడట. నేను అప్పుడు రాయదుర్గంల ఒక ఆఫీసు టవర్‌ల, టేబుల్ కింద వెల్లకిల పండి స్క్రూ బిగిస్తున్న. "ఏమైంది సార్" అన్న. "డెంగీ" అన్నడు. ఆయనకు ఇంకా చెప్పాల్సినోళ్ళు ఉన్నట్టున్నరు. "ఉంటా నాయనా" అని పెట్టేసిండు.

మీకు ఆమె తెల్వదు. హఫీజ్‌పేట్ రైల్వే స్టేషన్ కాడి గల్లీల, ఒక అపార్ట్‌మెంట్ కింద షటర్‌ల ఫిజియోథెరపీ చేసేది. అనంతపురం దిక్కు మనిషి. అందరం మేడం అనేటోళ్ళం. నేను ఆఫీసులల్ల ఫర్నిచర్ బిగిస్త. ఇంటర్‌ల సదువు బంద్ పెట్టి, పక్కోని చేతులు చూసి పని నేర్చుకున్న. ఇయ్యాల నా కుడిచెయ్యి డ్రిల్ పడుతుందంటే ఆమె వల్లనే. అందుకే రాస్తున్న. ఏడ్చుడు నాకు రాదు, కోపం వస్తది. ఇందుల కోపం కనిపిస్తే ఏమనుకోకుండ్రి.

మొదట చాయ్ గ్లాస్ లేపితే నొచ్చింది. మోచేతి బయటి దిక్కు, బొక్క ఉబ్బెత్తుగ తగులుతది కదా, సరిగ్గ ఆడ. తర్వాత తాళం తిప్పితే నొచ్చింది. తర్వాత తువ్వాల పిండితే. ఒక దవాఖానల సూది ఏసిండ్రు, హాయి అనిపించింది, ఉరికి మళ్ళ పనిల పడ్డ. నొప్పి మళ్ళొచ్చినప్పుడు ముందుకంటే ఎక్కువొచ్చింది. కాంట్రాక్టర్‌కు చెప్తే, "చెయ్యి నొస్తే ఇంట్ల కూసో. గేటు బయట మస్తు మంది ఉన్నరు" అన్నడు. ప్లైవుడ్ బోర్డు మోయలేనోడు ఆ పనిల ఉండడు. కొత్త ఫ్లోర్ మొదలయ్యే లోపు చెయ్యి బాగు కాకుంటే నా కథ ఖతం.

మా ఫిట్టర్లకు ఒక పిచ్చి అలవాటుంది. మోచెయ్యి నొస్తే దస్తీ తీసి నొప్పున్న బొక్క మీదనే గట్టిగ కట్టుకుంటం. ఎంత బిగిస్తే అంత మందు అనుకుంటం. నేను గట్లనే కట్టుకోని మేడం కాడికి పోయిన. మేడం చూసి నవ్వింది.

"ఏమబ్బీ, ఎముక ఎవురన్నా ఎత్తుకపోతారని కట్టినావా?"

దస్తీ ఇప్పింది. "నా రెండు వేళ్ళు గట్టిగా పట్టుకో" అన్నది. పట్టిన. "ఇప్పుడు మణికట్టు కిందికి వంచి, అట్లనే పట్టు సూద్దాం." పట్టు జారిపోయింది. ముసలోని చెయ్యి లెక్క అయింది. నాకు నిజంగనే భయమైంది.

"భయపడాకు, నాకూ అంతే, పైల్వానుకూ అంతే" అన్నది. "పట్టు అంతా వేళ్ళది అనుకుంటావు నువ్వు. వేళ్ళల్లో కండే లేదు నాయనా. వాటిని ఆడించే పెద్ద కండలు ఈడ ముంజేతిలో ఉండాయి. ఇంక ఇదో, ఈ పైన ఉండే కండ, మణికట్టును వెనక్కి లేపి నిలబెడతాది. అది నిలబెడితేనే పట్టు. దినమంతా నువ్వు డ్రిల్ పట్టుకుంటే, అది దినమంతా నీ మణికట్టును పట్టుకోని ఉంటాది. దాని కొస మోచేతి కాడ ఈ గుబ్బకు సన్న తాడు మాదిరి అతుక్కోని ఉండాది. పనంతా కండది, లాగుడంతా ఆ తాడు మీద. పోగులు లేసిపోయింది నీది."

నడిమి వేలు చాపి పైకి లేపమన్నది. తన వేలితోని కిందికి అణిచింది. వేలు లేపితే మోచెయ్యి మండింది. అమ్మా అన్న.

"అర్థమాయనా? మంట యాడ, పొయ్యి యాడ?"

టేబుల్ మీద ప్లాస్టిక్ బొక్కల చెయ్యి ఒకటి ఉండేది. దానికి రబ్బరు బ్యాండ్లు కట్టి పెట్టింది, ఏ కండ ఏడికెళ్ళి ఏడిదాంక పోతదో చూపెట్టనీకి. ఒక బ్యాండు పాతబడి అంచు చిట్లి ఉండె. కావాలనే మార్చలేదట. "ఇది నువ్వే" అని దాన్ని చూపెట్టింది. పట్టీ కడితే బొక్క మీద కాదు, దానికి రెండు వేళ్ళ కింద కండ మీద కట్టాలన్నది. బోర్డు మోస్తే అరచెయ్యి కిందికి పెట్టి పైకెళ్ళి పట్టద్దు, అరచెయ్యి ఆకాశం దిక్కు తిప్పి కిందికెళ్ళి పట్టాలన్నది. అప్పుడు బరువు లోపలి కండల మీద పడుతదట. ఇన్నేండ్ల పనిల ఈ ముక్క మాకు ఒక్కడు చెప్పలే.

రోగం పేరు చెప్పినప్పుడు నాకు మండింది. "టెన్నిస్ ఎల్బోనా? జిందగీల నేను ఆ బ్యాట్ ముట్టలే మేడం" అన్న.

"నా దగ్గరికొచ్చేవాళ్ళల్లో టెన్నిస్ ఆడేటోడు ఒక్కడూ లేడు" అన్నది. "పెయింటర్లు, వంటోళ్ళు, ఇండ్లల్లో బట్టలు పిండే ఆడోళ్ళు. ఆడేవాళ్ళు పేరు పెట్టిపోయినారు, చేసేవాళ్ళు మోస్తాండారు. నువ్వు పేరుతో కొట్లాడాకు, బాటిల్ లేపు."

నీళ్ళ బాటిల్. అదే నా మందు. ముంజెయ్యి టేబుల్ మీద పెట్టి, బాటిల్ పట్టుకోని, మణికట్టు లేపాలి, దించాలి. నేను దబదబ లేపి దబ్బున దించేటోణ్ణి. పని అట్ల నేర్పింది మాకు. మేడం నా మణికట్టు మీద ఒక్క దెబ్బ ఏసేది.

"లేపేది ఎవురైనా లేపుతారు. దించేటప్పుడే కండకు బలమొచ్చేది. మెల్లగా దించు నాయనా."

ఈ మాట ఎన్నిసార్లు విన్ననో. ఊకె కూసుంటే తాడు బాగుపడదు, దానికి రక్తం తక్కువ, మెల్లగ బరువిస్తేనే గట్టిపడుతది అనేది. తొందరపడితే తిట్టేది. ఒళ్ళోకి పల్లికాయల సంచి ఏసి, "వేళ్ళకు పని, వల్చు" అనేది. నేను వలుస్తుంటె ఆమె తినేది. "గింజలన్ని నీకేనా మేడం" అంటె, "పని నీ చేతికి, ఫీజు నా నోటికి" అనేది.

ఒకనాడు నా పక్కన ఒక సాఫ్ట్‌వేర్ పోరడు కూసున్నడు, మెడల ఐడీ కార్డుతోని. నాకు వాళ్ళంటె మంట. వాళ్ళ మోచేతులు ఆనించనీకి మెత్తటి కుర్చీ బిగించి బిగించి నా మోచెయ్యి పోయింది. మొఖం తిప్పుకున్న. మేడం చూసింది. ఇద్దరి ముంజేతులు టేబుల్ మీద పక్కపక్కన పెట్టించింది. ఒకే జాగల బొటనవేలు ఆనిచ్చి ఒత్తింది. ఇద్దరం ఒక్కసారే "అబ్బా" అన్నం.

"సూసినారా? వాడు మౌస్, నువ్వు డ్రిల్. కండ అదే" అని నా దిక్కు తిరిగింది. "నీ కోపం మంచిదే అబ్బీ. పక్కన నొప్పితో కూర్చున్నోని మీద దండగ చేయాకు."

ఆ పోరడు మెల్లగ, "అన్నా, నా టేబుల్ జర ఎత్తుందే, ఎట్ల దించాలె?" అని అడిగిండు. కింద బోల్టు ఎట్ల ఇప్పాల్నో చెప్పిన.

కోపం ఏడ పెట్టాల్నో ఆమె చేసి కూడా చూపెట్టింది. నా ఫోన్‌ల కాంట్రాక్టర్ నంబర్ కలపమన్నది. "మీ పిల్లోనికి కొన్నాళ్ళు బోర్డులు ఇయ్యాకు. తలుపులకు కబ్జాలు బిగించేది, డ్రాయర్ల పని ఇయ్యి. బోర్డు ఇద్దరు మోయాల" అన్నది. అటు దిక్కు ఆయన, "మీరు ఎవరి తరపు నుంచి మేడం?" అన్నడు. "ఆయప్ప చేతి తరపు నుంచి" అన్నది. ఆయనకు నవ్వొచ్చిందో భయమొచ్చిందో గాని, నన్ను తీసెయ్యలే. డ్రాయర్ల మీద ఏసిండు. ఆ ఒక్క ఫోన్‌తోని నా పని నిలబడ్డది.

వచ్చినప్పుడల్ల చివరికి ఒక పరీక్ష పెట్టేది. క్లినిక్‌ల ఒక పాత ఇనుప కుర్చీ ఉండె, బరువుది. దాని వెనక నిలబడి, మోచెయ్యి వంచకుండ, అరచెయ్యి కిందికి పెట్టి, కుర్చీ వీపు పట్టి లేపాలి. లేపినప్పుడల్ల నా పండ్లు గిట్టకరుచుకునేటివి. ఆమె కుర్చీని చూడకపోయేది, నా మొఖం చూసేది. "ఇంకా ఉండాది. మొగం ముడుచుకోకుండా ఎప్పుడు లేపుతావో, ఆపొద్దు నుంచి నా మొగం చూసే పని లేదు నీకు" అనేది. ఆఖరిసారి పోయినప్పుడు కొంచెమే నొచ్చింది. "వచ్చే గురువారం సూద్దాం" అన్నది.

ఆ గురువారం రాలే.

క్లినిక్ పక్కన ఒక టవర్ కోసం సెల్లార్ గుంత తవ్వి వదిలేసిండ్రు. వాన నీళ్ళు నిండి పచ్చగ అయింది. దోమలని ఆమె ఎవరెవరికో ఫోన్లు చేసింది. ఆడ "చేతి తరపు నుంచి" అంటె విననీకి ఎవడు లేడు. ఏ దోమ కుట్టిందో నేను రుజువు చెయ్యలేను. గుంత మాత్రం ఇంకా అట్లనే ఉంది, పోయి చూడుండ్రి. రేపు ఆ టవర్ లేస్తది. ఆడ టేబుళ్ళు బిగించనీకి మాసొంటోళ్ళనే పిలుస్తరు. జ్వరంతోని కూడ ఎవరి చెయ్యో పట్టి కసరత్తు చేయించుకుంట కూసున్నదంట చివరి రోజులల్ల. నా చెయ్యేం కాదు గద అది అని ఎన్నిసార్లు అనుకున్ననో.

పెద్దకర్మకు పోయిన. అపార్ట్‌మెంట్ కిందనే షామియానా ఏసిండ్రు. క్లినిక్ షటర్ తెరిచి, ఆమె ఫొటో టేబుల్ మీద పెట్టిండ్రు. దండ, పక్కన దీపం. ప్లాస్టిక్ చెయ్యిని ఎవరో అలమార మీదికి ఎక్కించిండ్రు. వచ్చినోళ్ళల్ల పెయింటర్లున్నరు, వంటోళ్ళున్నరు. ఆ ఐడీ కార్డు పోరడు కూడ ఉన్నడు. నన్ను చూసి తల ఊపిండు.

ఎవరో పెద్దాయన వచ్చిండు, నిలబడలేకపోతున్నడు. మేడం భర్త నా దిక్కు చూసి, "లోపల కుర్చీ ఉండాది, కొంచెం తెచ్చి వేయి నాయనా" అన్నడు.

పోయిన. ఏం ఆలోచించలే. వెనకకెళ్ళి కుర్చీ వీపు పట్టి లేపిన. గాలిల ఉన్నంక చూసుకున్న. అరచెయ్యి కిందికి ఉంది. మోచెయ్యి వంగలే.

నొప్పి రాలే.

ఆగిన. ఇప్పుడొస్తది అనుకున్న. బొక్క కాడ చెవి పెట్టినట్టు చూసిన. ఏం లేదు. వస్తే బాగుండు అనిపించింది. కొంచెమన్న ఉంటే, ఇంకో గురువారం ఉన్నట్టుంటుండె. ఫొటోల ఆమె ఎప్పటిలెక్కనే నా మొఖం దిక్కే చూస్తున్నది.

వెనకకెళ్ళి మేడం భర్త గొంతు వినొచ్చింది. "బరువుగా ఉండాదా నాయనా?"

"లేదు సార్."

పెద్దాయన కాడికి తీస్కపోయిన. అందరు చూస్తుండంగ దబ్బున పెట్టబుద్ధి కాలే. ఇనుప కాళ్ళు బండకు తాకిన చప్పుడు కూడ రాకుంట, మెల్లగ, ఇంకా మెల్లగ దించిన.